ఒక్క సంవత్సరం: 1215

(పై తరగతుల విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

చరిత్ర పాఠంలో మనం సాధారణంగా ఒక దేశాన్ని తీసుకొని, దాని వెంట వందో రెండువందలో సంవత్సరాలు నడుస్తాం. ఈనాడు అలా కాకుండా ఒకే ఒక సంవత్సరాన్ని పట్టుకొని భూమి చుట్టూ తిరిగి వద్దాం. ఆ సంవత్సరం క్రీ.శ. 1215. మన పంచాంగం లెక్కలో శాలివాహన శకం 1137, యువ నామ సంవత్సరం.

ముందుగా మనం కూర్చున్న ఈ మారిషస్ ద్వీపం సంగతి. 1215లో ఇక్కడ మనుష్యుల ఊరు ఒక్కటీ లేదు. చెరకు తోట లేదు. దట్టమైన అడవి, పెద్ద పెద్ద తాబేళ్ళు, ఎగరలేని డోడో పక్షులు మాత్రమే ఉండేవి. కనుక ఆ సంవత్సరం ఇక్కడ ఏమి జరిగిందో కాగితం మీద పెట్టినవారు ఎవరూ లేరు. ఈ ద్వీపం దగ్గరకు చివర మళ్ళీ వద్దాం.

ఆ ఏడాది లోకంలో అన్నిటికంటే పెద్ద సంఘటన ఏదని అప్పటి ఆసియా వాసులను అడిగితే, చాలామంది చైనా వైపే చూపించేవారు. ఉత్తర చైనాను జిన్ వంశపు రాజులు ఏలుతున్నారు. వారి రాజధాని జోంగ్‌డూ, అంటే నేటి బీజింగ్ ఉన్న చోటు. చెంఘిజ్ ఖాన్ సేనలకు జడిసి జిన్ చక్రవర్తి 1214లోనే దక్షిణాన ఉన్న కైఫెంగ్ నగరానికి తరలిపోయాడు. ముట్టడిలో తిండి లేక అలమటించిన రాజధాని 1215 వేసవిలో మంగోలుల వశమైంది. దోపిడి జరిగింది, నగరం తగలబడింది. అదే సంవత్సరం సెప్టెంబరులో చెంఘిజ్ ఖాన్‌కు ఒక మనుమడు పుట్టాడు. పేరు కుబ్లాయ్. తాత సేనలు కాల్చిన నగరం పక్కనే తరువాతి కాలంలో కొత్త రాజధాని కట్టించినవాడు ఈ మనుమడే.

సముద్రం దాటి జపానుకు వెళితే, అక్కడ ఎయిసాయ్ అనే బౌద్ధ సన్యాసి ఆ ఏడాది కన్నుమూశాడు. ఆయన చైనా నుంచి జెన్ బోధనతో పాటు తేయాకు విత్తనాలను కూడా తెచ్చి, తేనీటి గుణాలను గురించి పుస్తకం రాశాడు. ఆయన పోయినందుకు ఏ కోటా కూలలేదు. కాని ఆయన నిలబెట్టిన తేనీటి అలవాటు జపానులో ఈనాటికీ ఉంది.

ఇక మన తెలుగు నేల. ఓరుగల్లు సింహాసనం మీద కాకతీయ గణపతిదేవుడు ఉన్నాడు. 1199లో రాజ్యానికి వచ్చినవాడు, 1262 వరకు ఏలాడు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన శివాలయం 1213లో పూర్తయింది. అంటే 1215 నాటికి ఆ గుడి వయస్సు రెండేళ్ళు. రామప్ప గుడి అని మనం పిలిచేది దానినే. నీళ్ళలో తేలేటంత తేలిక ఇటుకలతో దాని శిఖరం కట్టారు. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఇప్పుడు ఇంగ్లండుకు వెళదాం. అక్కడి రాజు జాన్. తండ్రి తాతల నాటి నార్మండీని 1204లోనే ఫ్రాన్సు రాజుకు పోగొట్టుకున్నాడు. దానిని తిరిగి గెలవాలని ప్రభువుల మీద పన్ను మీద పన్ను వేశాడు. ఇష్టం లేనివారిని పట్టి బంధించేవాడు. 1214లో బూవీన్ అనేచోట ఆయన పక్షం వారు మళ్ళీ ఓడిపోయారు. ప్రభువులు తిరగబడి 1215 మే నెలలో లండన్ నగరాన్ని పట్టుకున్నారు. గత్యంతరం లేక రాజు జూన్ 15న థేమ్స్ నది ఒడ్డున రన్నిమీడ్ అనే పచ్చికబయలులో వారి షరతులకు ఒప్పుకున్నాడు. గొర్రెతోలు మీద లాటిన్ భాషలో రాసిన ఆ పత్రాలకు రాజముద్ర వేయించాడు. అదే మాగ్నా కార్టా, అంటే మహా అధికారపత్రం.

అందులో ఏముంది? ఎక్కువ భాగం పన్నులు, వారసత్వాలు, అడవులు, చేపల వలలకు సంబంధించిన తగవులే. కాని మధ్యలో ఒక షరతు ఉంది. స్వతంత్రుడైన మనిషిని తోటివారి తీర్పు గాని, దేశపు చట్టం గాని లేకుండా రాజు పట్టి బంధించరాదని దాని సారాంశం. న్యాయాన్ని అమ్మరాదు, ఆలస్యం చేయరాదు, కాదనరాదు అని దాని వెంటనే మరొకటి. అంటే రాజు పైన కూడా ఒకటి ఉంది, అది చట్టం.

ఆ సంవత్సరం ఆఖరున, నవంబరు నెలలో, రోము నగరంలో పోప్ మూడవ ఇన్నోసెంట్ నాలుగు వందల మందికి పైగా బిషప్పులతో మహాసభ జరిపాడు. అప్పట్లో ఐరోపాలో నేరం రుజువు కావటానికి ముద్దాయి చేత కాలిన ఇనుము పట్టించేవారు, లేదా నీళ్ళలో వేసేవారు. అటువంటి పరీక్షలలో మతగురువులు పాల్గొనరాదని ఆ సభ శాసించింది. దానితో ఇంగ్లండులో ముద్దాయిల విచారణ క్రమంగా జూరీల చేతికి వచ్చింది. ఇది మంచి మార్పే. కాని ఆ సభే, యూదులు, ముస్లిములు తక్కినవారి నుంచి వేరుగా తెలిసేలా దుస్తులు ధరించాలని కూడా శాసించింది. ఒకే సభ, ఒకే నెల! ఒక చేత్తో నిప్పు పరీక్షను తీసివేసి, రెండవ చేత్తో మనుషులకు గుర్తు తగిలించింది. చరిత్రను మంచి చెడ్డలుగా రెండు మూటలు కట్టటం ఎంత కష్టమో చూడండి.

ఇక మాగ్నా కార్టా ఏమయింది? రాజు కోరిన మీదట అదే పోప్ ఆగస్టులోనే దానిని రద్దు చేశాడు. అది బతికింది పది వారాలే! ఇంగ్లండులో మళ్ళీ యుద్ధం మొదలైంది. 1215 డిసెంబరు ఆఖరు రోజున ఎవరినైనా అడిగితే, ఆ పత్రం పని అయిపోయిందనే చెప్పేవారు. కాని 1216లో జాన్ మరణించాడు. తొమ్మిదేళ్ళ కుమారుడు రాజయ్యాడు. ఆ పసివాడి పక్షాన రాజ్యం నడిపినవారు ప్రభువులను చేరదీయటానికి అదే పత్రాన్ని మార్పులతో మళ్ళీ ప్రకటించారు. 1217లో ఒకసారి, 1225లో ఒకసారి మళ్ళీ ప్రకటించారు. ఆ తరువాత వందల సంవత్సరాల పాటు, పాలకులు హద్దు మీరినప్పుడల్లా ఎవరో ఒకరు దానిని బయటకు తీశారు. 1215 నాటి ప్రతులు నాలుగు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

ఇది తెల్లవారి గొప్ప మాత్రమే అనుకోకండి. 1215 దాటి ఇరవై తొమ్మిదేళ్ళు ముందుకు రండి. మన గణపతిదేవుడు 1244లో చీరాల దగ్గరి మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు, తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని సరుకంతా రాజులు బలవంతంగా తీసుకొనేవారు. తాను అలా చేయనని, నియమించిన సుంకం తప్ప మరేదీ ముట్టనని వర్తకులకు ఆయన రాతి మీద మాట ఇచ్చాడు. జాన్ కత్తులకు భయపడి ఒప్పుకున్నాడు. గణపతిదేవుడు రేవు వర్ధిల్లాలని తానే ఒప్పుకున్నాడు. ఇద్దరూ చేసిన పని మాత్రం ఒకటే. రాజు తన చేతికి తానే రాతపూర్వకంగా కట్టు వేసుకున్నాడు. యువ నామ సంవత్సరంలో పుట్టిన కుబ్లాయ్ కొలువులో పనిచేసిన మార్కోపోలో కూడా ఈ మోటుపల్లి రేవు గురించి, అక్కడి రాణి న్యాయపాలన గురించి రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి అని పండితులు చెబుతారు.

అయితే మాగ్నా కార్టాలో ఒక మాటను మనం వదలకూడదు: "స్వతంత్రుడైన మనిషి". ఆనాటి ఇంగ్లండులో పొలం పనిచేసే జనంలో చాలామంది స్వతంత్రులు కారు. ఆ హామీ వారిని చేరలేదు. ఆరువందల యాభై ఏళ్ళ తరువాత ఇదే ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న ఈ ద్వీపంలో మన ముత్తాతలను కూడా అది సరిగా చేరలేదు. 1867 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసిన పాత కూలీలు కూడా ఫోటో అంటించిన పాసు జేబులో పెట్టుకొని తిరగాలి. అది లేకపోతే పోలీసులు దారిలోనే పట్టుకొని తీసుకుపోయేవారు. 1871లో పాత కూలీలు 9,401 మంది తమ బాధలు చెప్పుకుంటూ గవర్నరుకు మహజరు పెట్టుకున్నారు. అది సిద్ధం కావటానికి అడోల్ఫ్ ద ప్లేవిట్స్ అనే ఐరోపావాసి సాయపడ్డాడు. అందుకు ఆయన మీద దాడి కూడా జరిగింది. ఆ మహజరు ఫలితంగా 1872లో విచారణ సంఘం వచ్చింది, 1875లో నివేదిక వెలువడింది. కష్టాలన్నీ ఆనాటితో తీరలేదు. కాని దారిన పోయే కూలీని పట్టుకోవటానికి కారణం చెప్పవలసిన రోజు మొదలైంది.

విద్యార్థులారా! 1215లో మంటలు కనిపించినది జోంగ్‌డూలో. పది వారాలకే చచ్చిపోయినట్టు కనిపించినది ఒక గొర్రెతోలు పత్రం. ఏ సంవత్సరంలోనైనా ఏది పెద్ద సంగతో ఆ సంవత్సరం మనుషులకు తెలియదు. తరువాతివారు దేనిని మళ్ళీ చేతిలోకి తీసుకుంటారో అదే పెద్దదవుతుంది.

అందుచేత మీకు ఒక పని చెబుతాను. ఈ వారం మీ తాతయ్యనో నానమ్మనో అడిగి, ఇంట్లో ఉన్న పాత కాగితాలు ఏమైనా ఉంటే చూడండి. లేకపోతే మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి వలస రికార్డులు ఉన్నాయి. పెద్దలతో కలిసి వెళ్ళి వెతకండి. అందులోని పేరు, ఊరు, ఓడ, తేదీ చదివి, మీ నోటు పుస్తకంలో మన తెలుగు అక్షరాలలో రాసి తీసుకురండి. వచ్చే తరగతిలో అందరివీ చదువుకుందాం.