కలరా మంచం పక్కన

ఆగస్టు 20ని దోమల దినంగా పాటించడం ఏనాటినుంచో ఉంది. 1897లో అదే తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడన్న సంగతి బడిపిల్లలకు కూడా తెలిసినదే గనుక, ఆ కథను మొదటినుంచీ మళ్ళీ వినిపించడం శ్రోతల ఓర్పుకు పరీక్ష పెట్టడమే అవుతుంది. ఆ వైద్యుడి పేరు పెట్టుకున్న ఆసుపత్రినీ, అక్కడికి అంటువ్యాధుల పోస్టింగుకు, అంటే చదువులో భాగంగా కొద్దిరోజులు ఒక ప్రత్యేక విభాగంలో పనిచేసే శిక్షణకు వచ్చే వైద్య విద్యార్థినీ, ఆ వార్డుల వెనక ఉన్న కొంత చరిత్రనూ పరిచయం చేయడం ఈ ప్రసంగం ఉద్దేశం.

హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతతరం వారు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే పిలుస్తారు. అంటురోగం సోకినవారిని మిగతా జనం నుంచి వేరుచేసి ఉంచే క్వారంటైన్ ఆసుపత్రిగా 1915లో మొదలై, తర్వాత నల్లకుంటకు మారిన ఈ సంస్థకు రాస్ పేరు ఉండడం వల్ల, ఆయనే దాన్ని స్థాపించాడని నమ్మేవారు తక్కువేమీ కాదు. ఆయన 1899లోనే భారతదేశపు ఉద్యోగం వదిలి ఇంగ్లండులోని లివర్‌పూల్‌కు వెళ్ళిపోయాడు గనుక ఆ ఆసుపత్రిలో ఆయన ఒక్క రోగి నాడి కూడా పట్టి ఉండడు; పేరు గౌరవార్థం పెట్టినదే. ఆయన పనిచేసిన భవనం బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర వేరే ఉంది.

రాస్ గురించి చేయవలసిన సవరణ ఇంకొకటి ఉంది. మలేరియా దోమకాటుతో మనిషికి ఎలా సోకుతుందో ఆయన సికింద్రాబాదులోనే పూర్తిగా తేల్చేశాడని అంటూ ఉంటారు గాని, అక్కడ తేలింది సగమే. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమలను కోసి చూసినప్పుడు పరాన్నజీవి వాటి పొట్టలో పెరుగుతోందని రుజువైంది; అది దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో బయటికి వస్తుందన్న రెండో సగం మరుసటి ఏడు కలకత్తాలో, అదీ పిట్టల మలేరియా మీద చేసిన పరిశోధనలో బయటపడింది. మనుషుల విషయంలో దాన్ని నిరూపించింది 1898లో ఇటలీకి చెందిన గ్రాసీ, ఆయన సహచరులు. ఈ ఘనత ఎవరిదన్న తగాదా రాస్, గ్రాసీ ఇద్దరూ బతికున్నంతకాలం నడిచింది. హుసేన్ ఖాన్‌కు మాత్రం కుట్టించుకున్న ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. 1902లో రాస్‌కు దక్కిన నోబెల్ బహుమతికి పెట్టుబడి లెక్క రాస్తే ఆ అణాలను మొదటి వరసలోనే రాయాలి.

అంతగా ప్రచారం కాని సంగతి ఏమిటంటే, రాస్ మలేరియా పరిశోధన మధ్యలో తెగిపోవడానికి కారణం కలరా. 1895 సెప్టెంబరులో బెంగళూరులో కలరా చెలరేగినప్పుడు ప్రభుత్వం ఆయనను సికింద్రాబాదు నుంచి పిలిపించి ఆ ఊరి పారిశుద్ధ్యం పని అప్పగించింది. దోమలను కోసే మనిషి చాలాకాలం బావులూ మురుగుకాలువలూ చూసుకుంటూ గడపవలసి వచ్చింది. రాస్ జీవితచరిత్రకారులు ఈ కాలాన్ని వృథాగా లెక్కగడతారు. ఆ లెక్క సరైనదని ఒప్పుకోవడం కష్టం. ఎందుకంటే అంటువ్యాధుల వార్డులో విద్యార్థికి అన్నిటికంటే ముందు, అన్నిటికంటే బాగా పాఠం చెప్పే జబ్బు కలరాయే.

ఎం.బి.బి.ఎస్. చదువులో ఈ పోస్టింగుకు పెద్ద మర్యాద లేదు. శస్త్రచికిత్స, ప్రసూతి విభాగాల్లాగా దీనికి ప్రత్యేకంగా పరీక్ష ఉండదు గనుక, గుంటూరు జ్వరాల ఆసుపత్రికి వెళ్ళినా, విశాఖలోని ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రికి వెళ్ళినా, నల్లకుంటకు వచ్చినా, హాజరు వేయించుకుని పరీక్షలకు చదువుకునే సెలవుగానే చాలామంది దీన్ని భావిస్తారు. అయితే ఇక్కడి రోగులను చూడకుండా పట్టా పుచ్చుకున్న వైద్యుడు కొన్ని జబ్బులను పుస్తకంలో బొమ్మగా తప్ప ఎరుగడు. ధనుర్వాతం వచ్చినవాడిని చీకటి గదిలో, చడీచప్పుడూ లేకుండా ఎందుకు ఉంచుతారో, తలుపు గట్టిగా మూసుకున్నా, ఉన్నట్టుండి లైటు వేసినా ఒళ్ళంతా విల్లులా బిగుసుకుపోతుంటే చూసిన విద్యార్థికి మళ్ళీ చెప్పనక్కరలేదు. ఆ తర్వాత అతడు ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్తాడు. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా సోకిన పిల్లవాడి గొంతులో బూడిదరంగు పొర కనబడితే, ల్యాబు నివేదిక వచ్చేదాకా ఆగకుండా విషానికి విరుగుడైన సీరం ఇచ్చేయాలన్నది, ఆ పొర ఊపిరిదారిని ఎంత త్వరగా మూసేస్తుందో తెలిసినవారు పెట్టిన నియమం.

రేబిస్ గురించి చెప్పవలసింది చాలా ఉన్నా ఈ ప్రసంగానికి కేటాయించిన సమయంలో ఇమడదు. పాశ్చర్ 1885లో మొదటి టీకా వేయడం, 1907లో నీలగిరుల్లోని కూనూరులో దక్షిణ భారత పాశ్చర్ సంస్థ వెలవడం, కసౌలీలో తయారైన సెంపుల్ టీకా దశాబ్దాలపాటు దేశాన్ని ఏలడం, అది పోయి కణాల్లో పెంచిన కొత్త టీకా రావడం, ఇవన్నీ ఎవరికి వారు చదువుకోదగినవే. ఒక్కటి మాత్రం ఇక్కడే చెప్పాలి: కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారన్న భయం ఇంకా పల్లెల్లో ఉంది. ఆ సూదుల సెంపుల్ టీకా వాడకం ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది. ఇప్పటిది భుజానికి వేసేది, కొద్ది మోతాదులతో ముగిసేది.

ఇక కలరా. దాని కోసం ఆసుపత్రుల్లో ప్రత్యేకంగా ఒక మంచం ఉంటుంది. నడుము భాగంలో గుండ్రటి రంధ్రం, పైన అదే చోట రంధ్రం ఉన్న రెక్సిన్ పరుపు, కింద లీటర్ల గీతలున్న బక్కెట్టు. ఇంతకుమించి అందులో ఏ యంత్రమూ లేదు. మంచం మీది రోగి లేచే ఓపిక లేక బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనం పోతూనే ఉంటాడు. తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు దాకా నీరు ఒంట్లోంచి పోగలదు. ఈ వార్డులో విద్యార్థికి అప్పగించే తొలిపని బక్కెట్టు గీత చూసి కేస్ షీటులో రాయడం. ఎంత పోయిందో అంతా తిరిగి లోపలికి పంపాలన్నదే వైద్యం గనుక, ఆ అంకె తప్పితే వైద్యమూ తప్పుతుంది. రెండో పని పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పట్టి వదలడం. ఆరోగ్యవంతుడిలో ఆ మడత తక్షణమే సర్దుకుంటుంది. రెండు సెకన్లు దాటినా నిలిచి ఉంటే ఒంట్లో నీరు ప్రమాదకరంగా ఇంకిపోయిందని అర్థం. కళ్ళు గుంటలు పడడం, ఎంతసేపో నీళ్ళలో నానినట్టు వేళ్ళు ముడతలు తేలడం, మణికట్టు దగ్గర నాడి దొరక్కపోవడం దీనికి తోడు లక్షణాలు. వీటిలో దేనికీ స్టెతస్కోపు కూడా అక్కరలేదు.

నీరు పోతే నీరు ఎక్కించాలన్న ఆలోచన 1832లోనే స్కాట్లండులో థామస్ లాట్టా అనే వైద్యుడికి వచ్చింది. ఆయన ఉప్పునీటిని నేరుగా రక్తనాళంలోకి పంపి కొందరిని బతికించాడు. ఆ పద్ధతి మరుగునపడి, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ చేతిలో మళ్ళీ ప్రాణం పోసుకుంది. కలరా క్రిమిని 1884లో రాబర్ట్ కోఖ్ గుర్తించిందీ కలకత్తాలోనే. ఆ క్రిమి పేగును కొరికి తినదనీ, అది వదిలే ఒక విషమే పేగులోంచి నీటిని తోడేస్తుందనీ 1959లో రుజువు చేసిన శంభునాథ్ డే కూడా కలకత్తా వైద్యుడే. డే పేరు ఏ తెలుగు పాఠ్యపుస్తకంలోనూ పెద్ద అక్షరాల్లో కనబడకపోవడం విచారకరం. ఆయనను నోబెల్ బహుమతికి ప్రతిపాదించినవారిలో స్వయంగా ఆ బహుమతి పొందిన జోషువా లెడర్‌బర్గ్ ఉన్నాడంటే ఆ పని విలువ తెలుస్తుంది.

ఈ చరిత్రలో ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని ఘట్టం 1971 నాటిది. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వస్తున్నప్పుడు బన్‌గావ్ అనే ఊరి శిబిరాల్లో కలరా అంటుకుంది. అక్కడి చిన్న ఆసుపత్రిలో రెండు గదుల నేలంతా రోగులే. కలకత్తా నుంచి వెళ్ళిన దిలీప్ మహలనబిస్ అనే యువ వైద్యుడు విరేచనాల తడిలోనే మోకాళ్ళ మీద కూర్చుని సూదులు గుచ్చుతూ సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. సెలైన్ సీసాలు అడుగంటుతున్నాయి. నరంలోకి సూది ఎక్కించగలిగిన చేతులూ చాలడం లేదు. అప్పుడు ఆయన లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువులకే గ్లాసులు ఇచ్చి తాగించమన్నాడు.

ఇందులో ఉప్పు పక్కన గ్లూకోజు ఎందుకన్నదే కీలకం. కలరా పట్టిన పేగు ఉత్త ఉప్పునీటిని పీల్చుకోలేదు. గ్లూకోజు తోడుంటే మాత్రం పేగు గోడ ఆ రెంటినీ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ వస్తుంది. ఈ జంట ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ వివరించాడు. 1968లో ఢాకాలో నాలిన్, కాష్ అనే ఇద్దరు యువ అమెరికన్ వైద్యులు రోగుల మీద పరీక్షించి చూపారు. అంతకు ఎంతో ముందు, 1953లోనే, హేమేంద్రనాథ్ ఛటర్జీ నోటిద్వారా ద్రవమిచ్చి కలరాకు చేసిన వైద్యం గురించి కలకత్తా నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రికకు రాశాడు. కాబట్టి ఓ.ఆర్.ఎస్. అని పిలిచే ఈ ఉప్పూ గ్లూకోజూ కలిపిన ద్రవాన్ని మహలనబిస్ కనిపెట్టాడనడం సరికాదు. వైద్యుడు పక్కన లేకపోయినా, చదువురాని తల్లి చేతితో ఇచ్చినా అది ప్రాణం నిలుపుతుందని లోకానికి రుజువు చేసింది మాత్రం ఆయనే, అదే అసలు పెద్ద పని. శిబిరంలో నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు ఈ వైద్యం అందినవారిలో నూటికి నాలుగు లోపుకు దిగాయి.

ఆకాశవాణి శ్రోతలు వినదగిన సంగతి ఇంకొకటి ఈ ఘట్టంలోనే ఉంది. ఉప్పు, గ్లూకోజు ఎలా కలపాలో చెప్పే కరపత్రాలను సరిహద్దు వెంబడి పంచడంతోపాటు, ఆ విధానాన్ని రహస్యంగా నడుస్తున్న ఒక బంగ్లాదేశ్ రేడియో కేంద్రం ద్వారా ప్రసారం కూడా చేశారు. వైద్య చరిత్రలు ఈ మాటను ఒక్క వాక్యంలో దాటేస్తాయి. రేడియో చరిత్ర రాసేవారైనా దీనికి ఒక అధ్యాయం కేటాయిస్తే బాగుంటుంది. 1978లో లాన్సెట్ పత్రిక ఈ ద్రవాన్ని ఆ శతాబ్దపు అతిముఖ్యమైన వైద్య ఆవిష్కరణ కావచ్చని కొనియాడింది. మహలనబిస్‌కు పద్మవిభూషణ్ వచ్చింది 2023లో, ఆయన కన్నుమూసిన కొద్దినెలలకు.

సమయం దగ్గరపడింది గనుక మశూచి నిర్మూలననూ, మద్రాసులో క్షయ మీద జరిగిన గొప్ప అధ్యయనాన్నీ వదిలివేయక తప్పడం లేదు. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన బోదకాలు మందు డైఇథైల్‌కార్బమజైన్ ఈనాటికీ మన గ్రామాల్లో ఇంటింటా మింగిస్తున్నారన్నది మాత్రం విద్యార్థులు మరిచిపోకూడదు.

కలరా మంచం ఇప్పుడు వార్డులో తరచు వేయనక్కర లేదు; ఓ.ఆర్.ఎస్. ద్రవం అవసరం మాత్రం ప్రతి వానాకాలం ప్రతి ఇంటా ఉంటుంది. దాని పేరు పెట్టుకుని పంచదార ఎక్కువగా ఉన్న పానీయాలు అట్టపెట్టెల్లో మందుల దుకాణాలకు చేరితే, వాటి మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళతరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఓ.ఆర్.ఎస్. అన్న పేరు వాడరాదని ఆదేశించింది. పంచదార మితిమీరితే విరేచనాలు పెరుగుతాయే గాని తగ్గవు. కాబట్టి శ్రోతలు దుకాణంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పొడి పొట్లాన్నే అడిగి తీసుకోవాలి; పొట్లం మీద ఎంత నీరని రాసి ఉంటే అంత నీటిలో, పెద్ద పొట్లమైతే లీటరు నీటిలో, పొడి మొత్తం ఒకేసారి కలపాలి; కలిపినది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి.