ఒకే మిల్లు, రెండు గుమ్మాలు
(యూనియన్ అధ్యయన తరగతిలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



జాతి ద్వేషం అనగానే అది మనసుకు పట్టిన జబ్బు అంటారు చాలామంది. నాలుగు అక్షరాలు వస్తే, నాలుగు మంచి మాటలు చెబితే పోతుందంటారు. మేం అలా అనుకోవడం లేదు. అది ఎవరి ఖాతాలో లాభంగా జమ పడిందో చూస్తే గాని దాని వేరు దొరకదు. రోజూ మన ముక్కుల్లోకి పోయే దూదితోనే ఆ లెక్క చూద్దాం.

1793లో అమెరికాలో ఎలీ విట్నీ అనే ఆయన పత్తి నుంచి గింజ తీసే యంత్రం తయారుచేశాడు. యంత్రం వచ్చాక బానిసల కష్టం తగ్గాలి గదా! తగ్గలేదు. గింజ తీయడం సులువయ్యేసరికి ఎంత పండిస్తే అంత పత్తి ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు కొనసాగాయి. పొలాలు పెరిగాయి, పొలాల్లోకి మనుషులు కావలసివచ్చారు. 1790 జనాభా లెక్కల్లో దాదాపు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. సాటి మనిషిని సంతలో కొనాలంటే మనస్సాక్షికి ఏదో ఒక సాకు చెప్పుకోవాలి. నల్లవాడు తక్కువ పుట్టుక పుట్టాడన్న మాట ఆ సాకుగా పనికొచ్చింది. తర్వాత ట్రినిడాడ్ ప్రధాని అయిన ఎరిక్ విలియమ్స్ 1944లో అచ్చయిన తన గ్రంథంలో, జాతి ద్వేషం వల్ల బానిసత్వం పుట్టలేదనీ, బానిసత్వం వల్లే జాతి ద్వేషం పుట్టిందనీ వాదించాడు. అంత సూటిగా ఒప్పుకోని పండితులూ ఉన్నారు. వాళ్ళ తగవు వాళ్ళు తేల్చుకుంటారు, మనం మిల్లులోకి వెళదాం.

1865లో బానిసత్వం చట్టరీత్యా పోయింది. 1880 తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బట్టల మిల్లులు వరసగా లేచాయి. ఉత్తరాది కంటే అక్కడ కూలి చవక. స్పిన్నింగులోకీ, సాంచాల మీదికీ తెల్లవాళ్ళనే తీసుకున్నారు. పొలం పోగొట్టుకున్న బీద రైతులు, వాళ్ళ ఆడవాళ్ళు, పదేళ్ళ పిల్లలు. ఇల్లు యజమానిది, కిరాణా కొట్టు యజమానిది. నల్లవాళ్ళకు దక్కింది బేళ్ళు మోయడం, బేళ్ళు విప్పడం, ఊడ్చడం. తెల్ల కార్మికుడు నోరెత్తితే నల్లవాళ్ళను తెచ్చి పెడతామన్న బెదిరింపు యాజమాన్యం చేతిలో ఎప్పుడూ ఉండేది.

1897 ఆగస్టులో అట్లాంటాలోని ఫుల్టన్ మిల్లులో ఇరవైమందికి పైగా నల్ల స్త్రీలను పనిలోకి తీసుకున్నారు. తెల్ల స్త్రీలు పని ఆపి బయటికొచ్చారు. వాళ్ళ వెనక దాదాపు 1,400 మంది సమ్మె కట్టారు. గెలిచారు కూడా. నల్ల స్త్రీలను తీసేశారు. కాని రాజీలో ఇంకో షరతు ఉంది: అవసరమైనప్పుడు ఓవర్‌టైం చేస్తామని కార్మికులు ఒప్పుకున్నారు! అదే ఏడాది డిసెంబరులో యూనియన్ మనుషులను తీసేశారని మళ్ళీ సమ్మె చేస్తే చిత్తుగా ఓడిపోయారు. పక్క కూలీని గెంటమన్నప్పుడు వంగిన యజమాని, యూనియన్‌ను ఒప్పుకోమన్నప్పుడు మాత్రం వంగలేదు.

1915లో సౌత్ కరొలైనా రాష్ట్రం ఏకంగా చట్టమే చేసింది. బట్టల మిల్లులో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు ఒకే గదిలో పనిచేయరాదు. ఒకే సమయంలో ఒకే గుమ్మం, ఒకే మెట్లు, ఒకే పగారు కిటికీ వాడరాదు. నీళ్ళ ముంత దగ్గర కూడా వేరే. అయితే నేల కడిగేవాళ్ళకు, పాయిఖానాలు బాగుచేసేవాళ్ళకు, బాయిలర్ దగ్గర కింది పని చేసేవాళ్ళకు ఆ చట్టం వర్తించదు. చూశారా? మైల అనేది అంత నిజమైతే ఊడ్చేవాడు లోపలికి ఎలా వచ్చాడు? మైల మనిషిలో లేదు, మంచి పగారున్న పనిలో ఉంది.

దీని బదులు తెల్ల కార్మికుడికి దక్కిందేమిటి? డుబాయిస్ అనే నల్లజాతి మేధావి 1935లో దీన్ని చక్కగా విడదీశాడు. చేతికొచ్చే కూలి తక్కువైనా, నల్లవాడి కంటే పైన ఉన్నామన్న గౌరవం ఇంకో రకం కూలిగా ముట్టేదన్నాడు. ఆ కూలితో బియ్యం రావు. 1934 సెప్టెంబరులో మరమగ్గాలు ఎక్కువ అప్పగించి పని భారం పెంచుతున్నారని దాదాపు 4 లక్షలమంది బట్టల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. సౌత్ కరొలైనాలోని హనియా పాత్ ఊళ్ళో మిల్లు దగ్గర కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. మూడు వారాలకు సమ్మె విరిగింది. ఎందరికో పని పోయింది, ఇల్లు పోయింది. తెల్లతోలు ఒక్కరికీ అడ్డురాలేదు.

ఇది దూరదేశం కథ అనకండి. కులమూ జాతీ ఒకటి కావు. కాని మంచి కూలి ఉన్న ఖాతా గుమ్మానికి కాపలా పెట్టే పద్ధతి మాత్రం ఒకటే. బొంబాయి మిల్లుల్లో కండె మార్చినప్పుడు పోగును నోటితో పీల్చి నాడె కంటిలోంచి లాగేవారు. ఎంగిలి అంటూ అస్పృశ్యులని ముద్రవేసిన కార్మికులను సాంచాల ఖాతాలోకి రానివ్వలేదు. పగారు అక్కడే ఎక్కువ. 1928 పెద్ద సమ్మె రోజుల్లో డాక్టర్ అంబేడ్కర్ ఈ సంగతిని నిలదీశారు. మన తెలుగువాళ్ళు ఎందరో బతికింది ఆ సాంచాల మీదే కాబట్టి ఇది మన ఇంటి చరిత్ర కూడా.

మారదా అంటే, మారిన చోటు ఉంది. 1964 పౌరహక్కుల చట్టం తర్వాత అమెరికా దక్షిణాది మిల్లుల్లో నల్లవాళ్ళు మగ్గాల దాకా వచ్చారు. నార్త్ కరొలైనాలోని రోనోక్ రాపిడ్స్‌లో 1974లో నల్ల, తెల్ల కార్మికులు కలిసి ఓటేసి స్టీవెన్స్ కంపెనీలో యూనియన్‌ను గెలిపించారు. నల్ల కార్మికులే ముందు నిలిచారు. ఒప్పందం మీద సంతకానికి మాత్రం 1980 దాకా ఆగాల్సి వచ్చింది. మనసులు మారాక కలిసి పనిచేశారని మేం అనం. కలిసి పనిచేయబట్టే కొందరి మనసులైనా మారాయి.

ఇక మన గేటు సంగతి. బీహారు, ఒడిషా కుర్రాళ్ళ వల్ల మన రేటు పడిపోతోంది, వాళ్ళను పంపించేయమని యూనియన్ అడగాలి అని కొందరు సభ్యులు కాగితం ఇచ్చారు. రేటు పడిన మాట నిజం, కడుపుమంట నిజం. ఆ రేటు వేసింది ఠేకేదారు, దాన్ని ఒప్పుకున్నది యాజమాన్యం. షెడ్డులోనే పడుకుని పన్నెండు గంటలు నిలబడే ఆ కుర్రాడు కాదు. అందుకని కార్యవర్గం ఆ కాగితాన్ని తీర్మానంగా తీసుకోలేదు. డిమాండ్ల పత్రంలో మొదటి డిమాండును ఇలా రాశాం: ఒకే సాంచాకు, ఒకే పాళీకి, ఒకే రేటు, ఠేకా మనిషైనా, పర్మనెంటు మనిషైనా. సభ్యత్వం ఫారాలు హిందీలో, ఒడియాలో కూడా అచ్చువేయించాం. సోమవారం రెండో పాళీ విడిచే వేళకు గేటు దగ్గర బల్ల వేస్తాం. ఒడియా చదవగలిగిన ఇద్దరు కావాలి, పేర్లు ఇవ్వండి.