ఇప్పచెట్టు క్రింద

ముప్పదియేండ్లు బాలురచేత అమరకోశము వల్లె వేయించితిని. వనౌషధివర్గమున మధూకమునకు గుడపుష్పము, మధుద్రుమము అను పర్యాయపదములు గలవు. మధూకమనగా ఇప్ప. పదములు నోట నుండెను గాని చెట్టును గుర్తింపనేరను.

2023 చైత్రమున పెద్దలము పదిమందిమి పాల్వంచ సమీపమునందలి కిన్నెరసాని అభయారణ్యపు టంచున నడువబోయితిమి. 1977లో ఏర్పడిన యీ యభయారణ్యము 635 చదరపు కిలోమీటర్లు. త్రోవ చూపినవాడు ఒక కోయ వృద్ధుడు. ఇప్పపూవు వేకువను రాలును గావున మమ్ము చీకటితోనే బయలుదేరదీసెను. మాలో నొకరు పులి యేది, పులి యేది యని వేధించుచుండగా ఆయన, "ఎలుగును చూసుకోండి, అదీ పూలకే వస్తది" అని మమ్మందరను దగ్గరగా నడిపించెను.

ఒక చెట్టు క్రింద నిలిచి, "ఇదేం చెట్టు పంతులూ?" అనెను. నా పూర్వశిష్యు డొకడు ప్రక్కనే యుండెను. నేను తెల్లబోయితిని. వృద్ధుడు కండగల పూవు నొకటి నేలనుండి యేరి నా యరచేత బెట్టెను. బెల్లపు తీపి! గుడపుష్పమను మాటకు అర్థము చెప్పగా ఆయన నవ్వి, "పేరు పెట్టినాయన తిని చూసిండన్నమాట" అనెను. పిల్లలను బడివారు గొనిపోవుదురు. ఇట్టి నడకలు పెద్దలకే యెక్కువ యవసరమని నా తలంపు.

పిదప మొసలితోలువంటి బెరడు గల నల్లమద్దిని చూపి, వేసవిలో దీని మ్రానున నీరుండునని చెప్పెను. నేను నమ్మలేదు. 2024 మార్చిలో, గోదావరి దిగువనున్న పాపికొండల జాతీయోద్యానమున అటవీ అధికారులు కొండరెడ్ల మాట విని నల్లమద్ది బెరడు కోయగా నీరు చిమ్మెనని పత్రికలు వ్రాసెను. ఆ వార్తను ఆ వృద్ధునకు చదివి వినిపించితిని.

"ఇదీ వార్తేనా?" అనెను.