మడియు మల్లవిద్యయు



కోడి కూయువేళ నూతిగట్టున నిలిచి, చెంబెడు చెంబెడుగా చన్నీరు తలపై కుమ్మరించుకొనుచు నదుల పేరులు స్మరించు పెద్దలను మన మందఱము చూచియున్నాము. ఆ నీట దేహమలము పోవుననుటకు సందేహము లేదు. మనోమలము సైతము పోవునా యనునదే ప్రశ్న. లోపలి మురికి నుంచుకొని పైపైన కడుగుకొనువారిని వేమన యోగి పరిహసించిన సంగతి మీకు తెలియనిది కాదు. ఈ ప్రశ్ననే జపాను దేశమున నొక మల్లుడు జీవితమంతయు పట్టుకొని, తుదకు స్నానమును యుద్ధవిద్యను నొక్కటిగా చేసెను. ఆయన కథను, ఆ విద్య పద్ధతిని, అందుండి మన గ్రామములు గ్రహింపదగిన యొక మాటను నేడు మీకు విన్నవింతును.

ముందుగా మనవారి సంగతి. బలమునకును శుచికిని సంబంధము కలదని మన సాముగరిడీలవారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. తాలింఖానాలో నడుగుపెట్టువాడు చెప్పులు వెలుపల విడుచును. ఆంజనేయస్వామి పటమునకు మ్రొక్కును. గోదాలోని మన్ను కన్నుల కద్దుకొని మఱి దిగును. ఉత్తరాంధ్రమున వీరఘట్టములో 1882 లో జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనిరి. కదలబోవు మోటారుబండ్లను పట్టి నిలిపిరి. ఆ బలము కండలది మాత్రమే కాదు. దాని వెనుక ప్రాణాయామ సాధన కలదు. ఊపిరి వశమైనవానికి ఒడలు వశమగునని మనవా రెఱుగుదురు. కనుక నేను చెప్పబోవు సంగతి దూరదేశపుదైనను, వాసన మనకు పాతదే.

జపానువారి ప్రాచీనమతమునకు షింతో యని పేరు. దేవతల మార్గమని దాని యర్థము. కొండలోను, జలపాతములోను, పెద్ద చెట్టులోను, గతించిన పూర్వులలోను వారు దేవతను చూతురు. వేపచెట్టు మొదట పసుపు కుంకుమలు పెట్టి పోలేరమ్మను కొలుచు మనకు ఇది వింత కాదు. 712 లో కూర్చబడిన కొజికి యను వారి పురాతనగ్రంథమున నొక కథ కలదు. ఇజనాగి యను ఆదిదేవుడు చనిపోయిన భార్యకొఱకు యోమి యను మృతలోకమునకు పోయెను. అచ్చట కుళ్లిన దేహమును చూచి భయపడి పరుగెత్తి వచ్చి, ఒక నదీముఖమున వస్త్రములు విడిచి స్నానమాడెను. ఎడమకన్ను కడిగినప్పుడు సూర్యదేవత అమతెరసు పుట్టెను. కుడికన్ను కడిగినప్పుడు చంద్రుడును, ముక్కు కడిగినప్పుడు తుపానుల దేవుడును పుట్టిరి. ఆ స్నానమే మిసొగి యను శుద్ధికర్మకు మూలము. చావునుండి వచ్చినవాడు స్నానము చేయవలెనను నియమము మనకును కలదు గదా!

వారు మాలిన్యమును కెగారె యందురు. అది మనుష్యుని స్వభావము కాదు. అద్దముపై పట్టిన దుమ్ము వంటిది. అందుచేతనే వారి దేవాలయములు పెక్కింట గర్భగృహమున అద్దమునే దేవతాచిహ్నముగా నుంతురు. గుడికి పోవువారు ద్వారముకడ తొట్టినీటితో చేతులు కడిగి నోరు పుక్కిలింతురు. జూను నెల తుదినొకమాఱు, డిసెంబరు నెల తుదినొకమాఱు జనులందఱి కొఱకును మహాశుద్ధి జరుపుదురు. వ్రతధారులు చలికాలమున జలపాతము క్రింద నిలుచుటయు కలదు. మిసొగి యను పదమునకు నీరు చల్లుకొనుట యని కొందఱును, దేహముపై పేరుకొన్నదానిని గీకివేయుట యని కొందఱును అర్థము చెప్పుదురు. ఈ రెండవ యర్థమును గుర్తుంచుకొనుడు.

ఇక ఆ మల్లుడు. ఆయన పేరు మొరిహెయి ఉయెషిబ. కుమానో పుణ్యక్షేత్రములకు సమీపమున, సముద్రతీరమునగల తనాబె పట్టణములో 1883 లో పుట్టెను. రష్యాతో జరిగిన యుద్ధమున సైనికుడుగా పనిచేసెను. మన గుంటూరు సీమ రైతులు నిజాంసాగరము క్రిందికిని తుంగభద్ర క్రిందికిని వలసపోయినట్లే, ఆయనయు 1912 లో కొన్ని కుటుంబములను వెంటబెట్టుకొని ఉత్తరమున హొక్కైదో దీవికి పోయి, అడవి నఱకి పొలము చేసెను. అచ్చటనే 1915 లో తకెద సొకాకు అను ప్రసిద్ధాచార్యుని కలిసికొని, దైతో-ర్యూ యను పట్లవిద్యను నేర్చెను. శత్రువు మణికట్టును మెలివెట్టి, కీలు విఱిచి, క్షణములో నేలగూల్చు కఠోరవిద్య యది.

1919 చివర తండ్రికి జబ్బుగా నున్నదని వార్త వచ్చెను. ఇంటికి బయలుదేరినవాడు త్రోవలో అయాబె పట్టణమున ఆగి, ఒమోతో యను క్రొత్తమతమునకు నాయకుడైన దెగుచి ఒనిసబురోను దర్శించెను. ఇల్లు చేరునప్పటికి తండ్రి గతించెను. ఎందఱినో పడగొట్టగల చేతులు ఒక్క ప్రాణమును నిలుపలేకపోయెను. ఆ దుఃఖమున ఆయన కుటుంబముతో 1920 లో అయాబె చేరి, సేద్యము, ప్రార్థన, శుద్ధిసాధనలలో కాలము గడపుచు శిష్యులకు విద్య చెప్పెను.

1925 లో అచ్చటికి నావికాదళపు టధికారి యొకడు వచ్చి, కఱ్ఱకత్తితో ఆయనపైకి దిగెను. ఉయెషిబ చేత నేమియు పట్టలేదు, ఎదురుదెబ్బయు కొట్టలేదు. వ్రేటు వ్రేటునకును ప్రక్కకు తొలగుచుండగా అధికారి అలసి కూలబడెను. పిమ్మట చెమట కడుగుకొనుటకు ఆయన తోటలోని నూతికడకు పోయెను. అచ్చట భూమి కంపించినట్లును, బంగారు వన్నె వెలుగు తన్నావరించినట్లును తోచెనని ఆయనయే చెప్పుకొనెను. యుద్ధవిద్య యనగా నొకనిని పడగొట్టుట కాదనియు, సర్వప్రాణులను ప్రేమతో రక్షించుటయే యనియు అప్పుడు బోధపడెనట. అనుభవముల సత్యాసత్యములు అనుభవించినవానికే తెలియును. ఒక్క విషయము మాత్రము గమనింపుడు: పగవానిని కొట్టక ముగించిన పోరు, నూతికడ నీరు, ఈ రెండును ఆ దినమున నొక్కచోట చేరినవి. తరువాతి కాలమున ఆయన తన విద్యయే మిసొగి యని శిష్యులకు చెప్పుచుండెను.

ఈ విద్యకు 1942 ప్రాంతమున ఐకిదో యను పేరు స్థిరపడెను. ఐ యనగా కలయిక. కి యనగా ప్రాణశక్తి. దో యనగా మార్గము. సాధనకు ముందు నేలయూడ్చి తుడుతురు. తరువాత మోకాళ్లపై కూర్చుండి వంగి నమస్కరింతురు. కొన్ని శాలలలో పడవ తెడ్డు వేయునట్లు ముందు వెనుకల కూగుచు నొక యభ్యాసము చేయుదురు. దానికి తొరిఫునె యని పేరు. పిమ్మట రెండుచేతులు బొడ్డు ముందు జోడించి సన్నగా కంపింపజేయుదురు. అది ఫురుతామ, అనగా ప్రాణమును కదిలించుట. ఈ రెండును మిసొగి కర్మలోనివే. నీటిలో దిగకయే చేయు స్నానమన్నమాట.

తరువాత ఇద్దఱిద్దఱు నిలుతురు. ఒకడు రెండవవాని మణికట్టు పట్టుకొనును. పట్టుబడినవాడు లాగుకొనడు, నెట్టడు. మన ఒంగోలు గిత్త పగ్గము తెంచుకొనబోవునప్పుడు తెలియనివాడు ఎదురులాగి నేలబడును. అనుభవమున్న రైతు నాలుగడుగులు దానితో ప్రక్కగా పరుగెత్తి, మెల్లగా మెడ త్రిప్పి చుట్టు తిప్పును. ఐకిదోవాడు చేయునది యిదియే. పట్టినవాని వేగమునే పట్టి, వానిని తనచుట్టు త్రిప్పి, దెబ్బ తగులకుండ నేలకు దించును. పడినవాడు లేచి మరల పట్టును. కొన్ని పర్యాయములైన పిమ్మట పట్టువాడు పట్టుబడును, పడగొట్టువాడు పడును. ఉయెషిబ వంశీయుల సంస్థలో గెలుపోటముల పందెములు లేవు. కోపముతో చేసిన పట్టు బిగిసి చెడును. భయముతో చేసినది జాఱి చెడును. కావున ఎదుటివాని చేయియే నీ మనస్సులోని మురికిని చూపు అద్దమగును.

1942 లో ఆయన తోక్యో నగరము విడిచి ఇవామ యను పల్లెకు చేరి, సేద్యము చేయుచు, తన విద్య పేర నొక గుడి కట్టించెను. సేద్యమును యుద్ధవిద్యను వేఱు కావని ఆయన మతము. మన భాషలో మడి యను మాటకు శుచి యనియు, సేద్యపు చెక్క యనియు రెండర్థములు. ఇవామలో నవి రెండును కలిసినవి. ఆయన 1969 లో కాలధర్మము నొందెను. అయితే పొగడ్త మాత్రమే చెప్పిన న్యాయము కాదు. అంతకుముందు ఆయన సైనిక నావికా పాఠశాలలలో ఈ విద్యను నేర్పియుండెను; షింతో మతమును ఆ కాలపు ప్రభుత్వము యుద్ధోన్మాదమునకు వాడుకొనెను. శుద్ధి యను మాటయు మలినము కాగలదని దీనివలన తేలుచున్నది.

మన దేశముననో? మన మడి ఎక్కువగా తాకకుండుటలో నున్నది. స్నానము చేసినవాడు మఱియొకని తగులక తప్పించుకొని నడచును. తడిబట్టకు మాత్రమే పరిమితమైన ఆ నియమము మనుష్యులకు ప్రాకి, కొందఱిని జన్మచే అంటరానివారిని చేసెను. వారి చెంబు మన నూతిలో మునుగరాదనెను. జపానువారును దీనికి తప్పినవారు కారు. తోలుపనివారిని, పశువధ చేయువారిని కెగారె పేర ఊరివెలుపల నుంచిరి. 1871 లో చట్టముచే ఆ భేదమును రద్దుచేసిరి. 1950 లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించెను. చట్టములు వచ్చినను, రెండుదేశములలోను మనస్సులలోని గోడ పూర్తిగా కూలలేదు.

ఐకిదోలో నన్నాకర్షించిన దిచ్చటనే. అది శుద్ధికర్మయే; కాని దూరముగా నుండి చేయు శుద్ధి కాదు. ఎదుటివాని చేయి పట్టనిదే అది మొదలు కాదు. వాని చెమట నీ చెమటతో కలియనిదే అది సాగదు. మడి కట్టుకొన్నవాడు పరుని తాకి మైలపడుదునని భయపడును; ఇచ్చట పరుని తాకియే మైల పోగొట్టుకొనవలెను. ఆ మైల కులము కాదు. అహంకారము, భయము, పగ.

మా చీమకుర్తి నల్లరాయి మీరెఱుగుదురు. గనినుండి తీసినప్పుడది మోటు బండ. నీరు పోయుచు గరకుఱాళ్లతో, పిమ్మట సన్నని ఱాళ్లతో రుద్దగా రుద్దగా, లోపలి మెఱుపురవలు నల్లని యాకాశమున చుక్కలవలె బయటపడును. ఆ మెఱుపు ఎవరును పూసినది కాదు. పైదానిని గీకివేయగా కనబడినది. ఉత్త నీరు మాత్రమే పోసిన ఏండ్లు గడచినను బండ బండయే. నీటితోబాటు మఱియొక ఱాయి తగులవలెను. గీకివేయుటయే మిసొగి యనుటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నా కెఱుకలేదు.

పెద్దలైన మీకు నా మనవి యొక్కటి. మన పల్లెలలో గట్టు తగాదాలు, కక్షలు ఎంత రక్తము త్రాగినవో మీరు కన్నులార చూచినవారు. బలము కలిగిన మన పడుచువాండ్రకు ఆ బలమునకు తగిన చోటు చూపవలెను. ఊరికొక తాలింఖానా పెట్టింపుడు. అది ఐకిదోయే కానక్కఱలేదు. మన కుస్తీ, మన కఱ్ఱసాము చాలును. కాని అన్ని వీథుల పిల్లలును ఒకే గోదాలో దిగునట్లు చేయుడు. ఒకరినొకరు పట్టుకొని, పడి, లేచి, తుదకు ఒకే నూతికడ ఒకే చెంబుతో నీళ్లు పోసికొననిండు. ఆ స్నానమునకు మించిన మడి మన యూళ్లకు వేఱొకటి లేదని నా నమ్మకము.