పొగాకు మొక్కకి పరిశోధన ఉంది, పొగతాగే కూలోడికేదీ?

(అనకాపల్లిలో కూలీపేటల కార్యకర్తలు కూడినప్పుడు చేసిన ప్రసంగం పాఠం)



ఇవాళ మనం భూమి గురించి కాదు, కూలిరేటు గురించి కాదు, పొగ గురించి మాట్లాడుకోవాలని కూచున్నాం. "ఇదేటి, ఉద్యమమోళ్ళు కూడా చుట్ట మానమని సెప్పడానికొచ్చేరా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మనకి నీతులు చెప్పేవాళ్ళకి ఏనాడూ కరువు లేదు. మాలమాదిగలు తాగుతారు, తింటారు, ఒళ్ళు పాడుచేసుకుంటారు అని అరుగుమీద కూచొని తీర్పు చెప్పినవాళ్ళని మన తాతల కాలంనించీ చూస్తన్నాం. మేం ఆ పాట పాడటానికి రాలేదు. పొగ మానాలనుకొనే కూలోడికి మానే దారి ఎవరు చూపించాలి, ఆ దారి మంచిదో చెడ్డదో ఎవరు పరీక్షించాలి, ఆ పరీక్ష ఎవరి నోటిమీద జరగాలి, దాని ఫలితం ఎవరికి చెప్పాలి? ఇదీ మన ప్రశ్న. ఇది ఆరోగ్యం ప్రశ్నే కాదు, సామాజిక న్యాయం ప్రశ్న.

ముందు సంగతి చెప్తాం. అమెరికాలో, ఐరోపాలో ఇప్పుడు నికోటిన్ పౌచ్ అని ఒకటి జోరుగా అమ్ముతున్నారు. పౌచ్ అంటే సంచీ. వేలి కొసంత తెల్ల సంచీ. అందులో పొగాకు ఆకు ఉండదు. నికోటిన్, కాస్త పీచు, తీపి, పుదీనా లాంటి వాసన ఉంటాయి. పెదవికీ చిగుళ్ళకీ నడుమ పెట్టుకొని అరగంటో గంటో ఉంచి పారేస్తారు. అగ్గి లేదు, పొగ లేదు. మనోళ్ళు ఖైనీ పెట్టుకున్నట్టే, కాకపోతే ఆకూ లేదు, సున్నమూ లేదు. రోజూ సిగరెట్టు తాగేవాళ్ళకి సిగరెట్టు బదులు ఇది పనికొస్తుందా అని అక్కడ పరిశోధనలు చేస్తున్నారు.

ఈ మాటలో నిజం ఎంత? ఉన్నంత నిజాన్ని ఒప్పుకుందాం. పొగాకులో మనిషిని కట్టేసేది నికోటిన్. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో అది మెదడుకి చేరుతుంది. అందుకే చుట్ట లేకపోతే చెయ్యాడదు, చిరాకు పుడుతుంది. అది మన కులం గుణం కాదు, మన బలహీనతా కాదు, ఆ పదార్థం చేసే పని. చంపేది మాత్రం ఎక్కువగా పొగే. ఆకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్ లాంటి విషాలే ఊపిరితిత్తుల్నీ గుండెనీ తినేస్తాయి. సంచీలో కాలేదేమీ లేదు కాబట్టి ఆ విషాలు చాలావరకు ఉండవు. సిగరెట్టు పూర్తిగా వదిలేసి సంచీకి మారినవాడి ఒంట్లోకి విషం తక్కువగా పోతుంది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, జిన్ అనే పేరుతో వచ్చే ఇరవై రకాల సంచీల అమ్మకానికి అనుమతిచ్చింది. వీటిలో చెడు పదార్థాలు సిగరెట్లలో కంటే తక్కువని చెప్పింది. అదే నోటితో ఇవి ప్రమాదం లేనివని మాత్రం అనలేదు, పొగాకు వాడనివాళ్ళు వీటి జోలికి పోవద్దంది.

ఇక్కడే మనం కళ్ళు తెరవాలి. "పూర్తిగా వదిలేసి" అన్న మాట దగ్గరే అసలు కిటుకుంది. పగలు పనిలో సంచీ, రాత్రి గుమ్మంలో సిగరెట్టు అనుకుంటే దక్కేది బహు తక్కువ. రోజుకి ఒక్క సిగరెట్టే తాగినా, ఇరవై తాగేవాడి గుండెకి వచ్చే అదనపు ముప్పులో దాదాపు సగం వస్తుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో లెక్కతేల్చి రాశారు. తగ్గించేం కదా అని గుండె ఊరుకోదు. ఇంకో సంగతి. సంచీలోనూ నికోటినే ఉంది. అది గుండె దడ పెంచుతుంది, రక్తపోటు పెంచుతుంది, చిగుళ్ళని ఒరుస్తుంది, కడుపుతో ఉన్న తల్లికి చెడుపు చేస్తుంది, పసిబిడ్డ మింగితే ప్రాణంమీదికొస్తుంది. అలవాటు పోదు, రూపం మారుతుందంతే. కుర్రోళ్ళకి పుదీనా వాసన చూపించి కొత్తగా అంటించడానికి కూడా ఇదే సంచీ పనికొస్తుంది.

అమ్మేవాళ్ళు ఎవరో కూడా చూడండి. జిన్ తయారుచేసే స్వీడిష్ మ్యాచ్ కంపెనీని 2022లో ఫిలిప్ మోరిస్ ఇంటర్నేషనల్ కొనేసింది. ఆ ఫిలిప్ మోరిస్ ఎవరు? దేశదేశాల్లో మార్ల్‌బరో సిగరెట్లు అమ్మేవాడు. పుండు చేసిన చెయ్యే పట్టీ అమ్ముతోంది! ఈ సంచీల మీద జరిగిన పరిశోధనల్లో ఎన్నో కంపెనీల సొమ్ముతో నడిచినవే. పెట్టుబడి పెట్టినవాడి పరిశోధన పెట్టుబడి వైపు మొగ్గదని మనమెందుకు నమ్మాలి?

సరే, వాళ్ళ పరిశోధన అంతా మంచిదే అనుకుందాం. అది ఎవరిమీద జరిగింది? సిగరెట్టు తాగేవాళ్ళమీద. మన దేశంలో 2016-17లో చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో సిగరెట్టు తాగేవాళ్ళు నూటికి నలుగురే. బీడీ తాగేవాళ్ళు ఎనిమిదిమందికి దగ్గర. ఖైనీ వాడేవాళ్ళు పదకొండుమంది. పొగాకు ఏదో ఒక రూపంలో వాడేవాళ్ళు మొత్తం 26 కోట్ల 70 లక్షలమంది. ఇందులో చెరకు నరికేవాడు, బెల్లం పెనం దగ్గర మాడేవాడు, మార్కెట్‌లో దిమ్మలు మోసే కలాసీ, ఊడ్పులకెళ్ళే ఆడకూలీ ఉన్నారు. వీళ్ళ చేతిలో ఉన్నది చుట్ట, బీడీ, ఖైనీ. సిగరెట్టోడి లెక్క తెచ్చి చుట్టోడికి కట్టబెడితే సరిపోతుందా?

మన ఉత్తరాంధ్రలో ఇంకో తీరుంది. అడ్డపొగ! మా అమ్మలు, అవ్వలు చుట్ట నిప్పుకొసని నోట్లోకి తిప్పుకొని తాగుతారు. గాలికి ఆరదు, నీళ్ళలో వంగి పనిచేస్తే తడవదు, చంకలో బిడ్డ మీద బూడిద రాలదు. రెండు చేతులకీ క్షణం తీరిక లేని ఆడదాని తాగుడు అది. పని మానకుండా తాగడానికి శ్రమే నేర్పిన తీరు. కానీ ఆ వేడీ, ఆ పొగా నేరుగా అంగిటికి తగుల్తాయి. అంగిలి తెల్లబడుతుంది, ఎర్రచుక్కలు పడతాయి, కొందరికి కేన్సరవుతుంది. లోకంలో మిగతాచోట్ల అరుదుగా వచ్చే అంగిటి కేన్సరు మన తీరంలో ఎక్కువగా కనపడటానికి ఇదే కారణం.

ఇప్పుడు పరిశోధన లెక్క తీద్దాం. మన అనకాపల్లిలో చెరకు మీద పరిశోధన 1913లోనే మొదలైంది. ఏ గడ ఎక్కువ రసం ఇస్తుంది, ఏ తెగులుకి ఏ మందు అని నూరేళ్ళకి పైగా చూస్తున్నారు. పొగాకు మొక్క కోసం 1947లో రాజమండ్రిలో కేంద్ర పరిశోధన సంస్థ పెట్టారు. పొగాకు వ్యాపారం కోసం 1976లో గుంటూరులో పొగాకు బోర్డు పెట్టారు. గడకి సంస్థ, ఆకుకి సంస్థ, అమ్మకానికి బోర్డు! మంచిదే, రైతు బతకాలి. మరి ఆ గడ నరికే కూలోడి నోటికి సంస్థేదీ? ఆ ఆకు కాల్చే అవ్వ అంగిటికి బోర్డేదీ?

అసలు పరిశోధనే జరగలేదని మేం అనడం లేదు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్‌లో ఒక వ్యాసం వచ్చింది. బొంబాయి డాక్టర్లు, డెన్మార్క్ డాక్టరు పిండ్‌బర్గ్ కలిసి ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్ళు తెరిపించి అంగిళ్ళు చూసి రాశారు. ఆ నోళ్ళు మన జనంవే, వాళ్ళలో ఎంతోమంది అడ్డపొగ తాగేవాళ్ళే. ఆ తర్వాత 1977లో వాళ్ళే కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో పెద్ద ప్రయత్నం మొదలెట్టారు. 36,000 మంది పొగాకు వాడేవాళ్ళని తీసుకొని, ఇంటికొచ్చి మాట్లాడి, సినిమాలు చూపించి, ఎందుకు మానాలో వాళ్ళ భాషలో చెప్పారు. దాని ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అలా చెప్పినచోట ఎక్కువమంది మానేరు, నోట్లో కొత్త మచ్చలు పుట్టడం తగ్గింది.

ఆలోచించండి. ఏ సంచీ లేదు, ఏ పుదీనా వాసనా లేదు. చదువు రాదని లోకం తీసిపారేసిన మనిషి దగ్గర కూచొని మనిషిలాగ మాట్లాడితే, ఆ మనిషి విన్నాడు. మన జనం వినరు, మారరు అనేవాళ్ళ నోరు మూయించే సాక్ష్యం మన శ్రీకాకుళం పల్లెల్లోనే ఉంది. ఆ పనిని ఊరూరికీ తీసుకెళ్ళాల్సింది ప్రభుత్వమే.

పరిశోధన పేరుతో మన పేటలకి ఎవరొచ్చినా ఒక పాఠం గుర్తుంచుకోవాలి. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకి, అందులో ఎక్కువమంది హాస్టళ్ళలో చదివే పేదింటి, ఆదివాసీ పిల్లలకి, గర్భాశయ ముఖద్వార కేన్సరు టీకా అధ్యయనం పేరుతో సూదులేశారు. తల్లిదండ్రుల సంతకాలు ఉండాల్సినచోట వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేరు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే మాట. మంచి మందైనా సరే, చెప్పకుండా ఇస్తే అది మనిషిని మనిషిగా చూడటం కాదు. రేపు నికోటిన్ సంచీలు పట్టుకొని పరీక్షకొచ్చామంటే, ఆ ఖమ్మం పిల్లల పేరు చెప్పి నిలదీయాలి.

మరి ఈలోపు మానాలనుకున్న మనిషి ఏం చెయ్యాలి? సంచీ కోసం చూడక్కర్లేదు. దానికంటే ముందే పరీక్షకి నిలిచినవి ఉన్నాయి. నికోటిన్ గమ్, ఒంటికి అంటించుకొనే నికోటిన్ పట్టీ. పొగలేకుండా నికోటిన్ కొంచెం కొంచెంగా ఇచ్చి, మెల్లగా తగ్గించి మాన్పించే మందులివి. ఇవేవీ లేకుండా పదిమంది మానేచోట ఇవి వాడితే పదిహేనుమంది దాకా మానతారని ఎన్నో దేశాల పరీక్షల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో తన జాబితాలో చేర్చింది. జాబితాలో ఉన్న మందు మన పేటకి దగ్గరున్న పీహెచ్‌సీలో ఉందా? వెళ్ళి అడగండి. లేదంటే ఎందుకు లేదో రాసిమ్మనండి.

గమ్ దొరికితే బబుల్‌గమ్‌లా నమలకూడదు. నాలుగైదుసార్లు మెల్లగా నమిలి, ఘాటు తెలియగానే బుగ్గలో పెట్టి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. గబగబా నమిలి మింగితే కడుపు మండుతుంది. టీ తాగిన వెంటనే వేసుకుంటే పనిచెయ్యదు. గుండెజబ్బు ఉన్నోళ్ళు, కడుపుతో ఉన్నోళ్ళు డాక్టరుని అడిగే వాడాలి. మొదటి వారం కష్టంగా ఉంటుంది, చిరాకు, నిద్రలేమి ఉంటాయి. మూడు నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. 1800-11-2356కి ఫోను చేస్తే డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడి మానడానికి సాయం చేస్తారు. నోట్లో తెల్లమచ్చో ఎర్రమచ్చో కనపడినా, పుండు మూడువారాలైనా మానకపోయినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా ఆలస్యం చెయ్యొద్దు. విశాఖలో కేజీహెచ్ ఉంది, దారిలో అగనంపూడిలో హోమీ బాబా కేన్సర్ ఆసుపత్రి ఉంది. తొందరగా పట్టుకుంటే బాగుచెయ్యగల జబ్బు ఇది.

ఒక్క మాట మర్చిపోకండి. నికోటిన్ ఆకలిని చంపుతుంది. మేస్త్రీ కూలోడికి బీడీ ఇస్తాడు, అన్నం పెట్టడు. పొద్దున్న నించి పొద్దుగూకే దాకా వంగి చేసే పనికి నడుమ తిండీ నీడా ఉంటే, సగం చుట్టలు వాటంతటవే ఆరిపోతాయి. అందుకే చుట్ట మానే పోరాటం, కూలి పోరాటం వేరువేరు కాదు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. గమ్, పట్టీ ప్రతి పీహెచ్‌సీలో ఊరికే ఇవ్వాలి. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరి నోరూ పేటకొచ్చి చూడాలి. అది ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్న పనే, కాగితంమీద కాదు, కూలిపని అయ్యాక సాయంత్రం వచ్చి చూడాలి. నికోటిన్ సంచీ మీదగానీ మరోదాని మీదగానీ పరిశోధన చేస్తే చుట్ట, బీడీ, ఖైనీ, అడ్డపొగ వాడేవాళ్ళని లెక్కలోకి తీసుకోవాలి. అందులో సిగరెట్టు కంపెనీ సొమ్ము ఒక్క పైసా ఉండకూడదు. మన భాషలో చెప్పి, మనం ఒప్పుకున్నాకే మొదలెట్టాలి. తేలిన ఫలితం విదేశీ పత్రికకంటే ముందు మన పేటలో చదివి వినిపించాలి.

యాభై ఏళ్ళ కింద మనవాళ్ళు నోరు తెరిచింది డాక్టర్లు చూడటానికి. ఇప్పుడు మనం నోరు తెరవాల్సింది అడగటానికి. చదవండి, కూడండి, అడగండి.

జై భీమ్!