చలికాలంలో కోళ్ల గూడు: చలిగాలి ఆపుదాం, ఊపిరి ఆపవద్దు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలు చూడటానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు కోళ్ల సంగతి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. మేము ఏ సంఘానికి వెళ్లినా ఉదయం పాలు పోసే వేళకే చేరుకుంటాము. చలికాలం రాగానే, వరుసలో నిలబడిన అమ్మల నోట తరచు వినే మాట ఒకటుంది: "రాత్రి చలికి రెండు కోళ్లు పోయాయండీ." పాల డబ్బు వచ్చేసరికి దాణా బాకీ, అప్పు కిస్తీ ఎదురుచూస్తూ ఉంటాయి. గుడ్ల డబ్బు మాత్రం ఇల్లాలి కొంగున ముడిపడి ఉంటుంది. పిల్లవాడి నోటుపుస్తకానికీ, జ్వరం మాత్రకూ అదే ఆధారం. అందుచేత ఆ రెండు కోళ్ల నష్టం చిన్నదని మేము అనుకోము.

ముందుగా ఒక మాట మనవి చేస్తాము. మన ప్రాంతపు చలి, ఆరోగ్యంగా ఎదిగిన కోడిని చంపేటంత చలి కాదు. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. ఈకల మధ్య నిలిచిన గాలే దానికి దుప్పటి. ఆదిలాబాదు వైపునా, అరకు, చింతపల్లి మన్యంలోనూ 10 డిగ్రీల లోపుకు దిగే రాత్రులు ఉంటాయి. అక్కడ కూడా ఆ దుప్పటి పొడిగా ఉంటే కోడి తట్టుకుంటుంది. దాన్ని పాడుచేసేవి రెండు: ఒంటికి సూటిగా కొట్టే ఈదురుగాలి ఒకటి, తేమ రెండవది. మనం గాలికి భయపడి గూడు బిగించి, తేమను లోపలే ఉంచేస్తున్నాము.

మా ఇంటి సంగతే చెబుతాము. కొన్నేళ్ల క్రిందట ఒక పుష్యమాసంలో మా పెరటి గూటిలో తొమ్మిది పెట్టలు, ఒక పుంజు ఉండేవి. చలి ముదిరిందని, ఎరువుల సంచులు విప్పి నాలుగు వైపులా, కప్పు కింద సందులతో సహా బిగించాము. వారం తిరక్కుండా కోళ్లకు గురక, కళ్ల వెంట నీరు పట్టుకున్నాయి. చలి ఇంకా తగులుతోందనుకుని మరొక సంచి కట్టాము. మూడు పెట్టలు చనిపోయాయి. చూడవచ్చిన పశువైద్యశాల కాంపౌండరుగారు మందుల సంచి తెరవకుండానే, "రేపు తెల్లవారుజామున తలుపు తీసి మీ తల లోపల పెట్టి చూడండి" అన్నారు. పెట్టాము. అమ్మోనియా ఘాటుకు కళ్లు మండి వెనక్కు వచ్చాము. రేకు అడుగున నీటిబొట్లు వేలాడుతున్నాయి. ఊరందరి పద్దులు తనిఖీ చేసే మేము మా గూడు తనిఖీ చేయలేదు.

కారణం సులభమే. కోడి తిన్న మేతకు సుమారు రెండింతల నీరు తాగుతుంది. పది కోళ్లకు రోజుకు రెండు లీటర్ల వరకు అవుతుంది. అందులో చాలాభాగం ఊపిరిగానూ, రెట్టగానూ బయటకు వస్తుంది. తడిసిన రెట్ట నుంచి అమ్మోనియా పుడుతుంది. అది కోడి గొంతునూ, ఊపిరి గొట్టాన్నీ దెబ్బతీస్తే రోగాలకు దారి ఏర్పడుతుంది.

కాబట్టి చేయవలసిన పనులు ఇవి.

గాలి: మన చలిగాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది. ఆ వైపు, కోడి వాలినప్పుడు దాని తలకంటె జానెడు ఎత్తు వరకు, మట్టి మెత్తిన తడకతో గాని గోనెపట్టాతో గాని మూయండి. ఎదుటి వైపున కప్పు కిందనే ఆరు అంగుళాల మేర తెరిచి ఉంచండి. పిల్లి, ముంగిస, పాము దూరకుండా అక్కడ సన్నకన్నాల ఇనుప వల కొట్టండి. పొద్దెక్కగానే గోనెపట్టా చుట్టి ఎండ తగలనివ్వండి.

సరిగా కుదిరిందో లేదో చూడటానికి, సాయంకాలం గాలి వీస్తున్నప్పుడు కోళ్లు వాలే ఎత్తులో వెలిగించిన ఊదుబత్తి పట్టుకోండి. పొగ పైకి లేచి మెల్లగా బయటకు పోతే మంచిది. పక్కకు కొట్టుకుపోతే ఎక్కడో సందు ఉంది. పొగ లోపలే నిలిచిపోతే గూడు ఉక్కిరిబిక్కిరిగా ఉన్నట్లే. ఊక మీద నిప్పు పడకుండా జాగ్రత్త!

పడక: నేలమీద మూడు అంగుళాల మందాన ఎండు ఊక పరచి, రెండు రోజులకొకసారి తిరగవేయండి. గుప్పెడు తీసి నొక్కితే ముద్ద కట్టి అలాగే నిలిస్తే తడి ఎక్కువైంది. అంతవరకు తీసి కొత్త ఊక వేయండి. చీకటిలో కోళ్లు నీరు తాగవు. రాత్రి నీళ్ల చిప్ప బయటపెట్టి తెల్లవారగానే ఇవ్వండి.

వాలే కర్ర: రెండు అంగుళాల వెడల్పున్న చదును కర్ర అయితే కోడి కూర్చున్నప్పుడు కాళ్లు ఈకల కింద దాగుతాయి. సాయంకాలం గుప్పెడు జొన్నలో, మొక్కజొన్న నూకో వేస్తే రాత్రంతా ఒంటికి వేడి ఉంటుంది.

పిల్లల సంగతి వేరు. వాటికి ఇంకా ఈకల దుప్పటి లేదు. తల్లి లేని పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. పిల్లకు రెండు వాట్ల లెక్కన పాతరకం బల్బు వేలాడదీయండి. ఎల్.ఇ.డి. బల్బు వెలుతురే గాని చాలినంత వేడి ఇవ్వదు. పిల్లలు బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా పోతే వేడి ఎక్కువ. మూసిన గూటిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎన్నడూ పెట్టవద్దు. దాని విషవాయువుకు వాసన ఉండదు. తెల్లారేసరికి అన్నీ పోతాయి.

ఇంకొక సంగతి. మార్గశిర, పుష్యాలలో గుడ్లు తగ్గడానికి చలికంటె పగటి వేళ తగ్గడమే ముఖ్య కారణం. దానికోసం గూడు మూయనక్కరలేదు. అలాగే ఆకుపచ్చ రెట్ట, మెడ వంకర, ఒకేసారి అనేక చావులు కనిపిస్తే అది చలి కాదు, కొక్కెర తెగులు కావచ్చు. వెంటనే పశువైద్యశాలకు తెలియజేయండి. ఆ టీకా సీసాలో సాధారణంగా వంద మోతాదులైనా ఉంటాయి, కలిపిన కొద్ది గంటల్లో వాడాలి. పది కోళ్ల ఇల్లు ఒక్కటే సీసా తెచ్చుకోలేదు. పది ఇళ్లు కలిస్తే తెచ్చుకోవచ్చు. ఊక కూడా మిల్లు నుంచి ఒకేసారి తోలించుకోవచ్చు. పాలకు కలిసిన మనం దీనికీ కలవలేమా?

రేపు తెల్లవారుజామున పాలు పితకడానికి ఎలాగూ లేస్తారు. పాకలోకి వెళ్లేముందు గూడు తలుపు తీసి ఒక్కసారి తల లోపల పెట్టండి. మీ కళ్లు మండితే, రాత్రంతా ఆ గాలే పీల్చిన మీ కోళ్ల గతి ఏమిటో మేము చెప్పనక్కరలేదు.