పొదుపుకు అడ్డం ఎక్కడుంది?



పొదుపు అనగానే మనకు నెల్లూరు గుర్తొస్తుంది. 1992 సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత అక్కడి స్త్రీలు రోజుకు రూపాయి చొప్పున దాచుకుంటూ సంఘాలు కట్టారు. తర్వాత ప్రభుత్వాలు, బ్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు పేద స్త్రీకి పొదుపు నేర్పడానికి బయలుదేరాయి. ఆమెకు దాచుకోవడం తెలియదన్న ఊహ ఈ నేర్పడం వెనుక ఉంది. ఆ ఊహ ఎంత సరైనదో చూడడానికి, అమెరికా ప్రభుత్వ గృహాల అనుభవం ఒకటి ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

1937 చట్టంతో మొదలైన ఈ ఇళ్ళను పేద కుటుంబాలకు అద్దెకిస్తారు. ఎక్కువ ఇళ్ళలో స్త్రీలే ఇంటి పెద్దలు. అద్దె ఆదాయంలో 25 శాతం మించకూడదని 1969లో చట్టం చేశారు. 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు. ఉద్యోగం పోతే అద్దె తగ్గుతుంది కనుక ఇది పేదలకు రక్షణే. కానీ మినహాయింపులు పోను నెలకు 1000 డాలర్ల ఆదాయం ఉన్న స్త్రీ కట్టే అద్దె 300 డాలర్లు. ఆమె కష్టపడి 1500 సంపాదిస్తే అద్దె 450 అవుతుంది. అదే సమయంలో ఆహార సాయం తగ్గుతుంది, పిల్లల్ని చూసుకునేవారికి, బస్సుకు ఖర్చు పెరుగుతుంది. ఇక దాచుకునేదేమిటి? ఇక్కడ అడ్డం ఆమె స్వభావంలో లేదు, అద్దె లెక్కలో ఉంది.

1990లో వచ్చిన 'ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ' పథకం ఈ లెక్కనే ముట్టుకుంది. ఇష్టమున్న కుటుంబం సాధారణంగా ఐదేళ్ళకు ఒప్పందం చేసుకుంటుంది. సంపాదన పెరిగితే అద్దె పెరుగుతుంది. కానీ, కొన్ని పరిమితులకు లోబడి, ఆ పెరిగిన మేరకు గృహ సంస్థ కుటుంబం కోసం ఒక ఖాతాలో జమ చేస్తుంది. పై ఉదాహరణలో నెలకు 150, ఏడాదికి 1800 డాలర్లు. చదువుకో, ఉద్యోగానికి వెళ్ళే కారు మరమ్మతుకో, సంస్థ ఒప్పుకుంటే మధ్యలోనూ కొంత తీసుకోవచ్చు. శిక్షణ, ఉద్యోగం, పిల్లల సంరక్షణ వంటివి దొరికేలా చూడడానికి ఒక సమన్వయకర్త ఉంటారు.

అయితే ఈ డబ్బు ఎవరిది? ఒప్పందం పూర్తయ్యే నాటికి ఇంట్లో ఎవరూ నగదు సంక్షేమ సాయం తీసుకుంటూ ఉండకూడదు. షరతు తప్పితే ఖాతా పోతుంది. అలా పోయిన డబ్బు మొదట్లో గృహ సంస్థకే చేరేది. 2022 నిబంధనల తర్వాత పథకంలోని ఇతర కుటుంబాల కోసం వాడాలి. ఒప్పందంపై ఇంటి పెద్దే సంతకం చేయాలన్న నియమం కూడా అప్పుడే మారింది. ఇప్పుడు ఇంట్లోని వయోజనులెవరైనా చేయవచ్చు. ఇల్లు భర్త పేరునో తండ్రి పేరునో ఉన్న స్త్రీకి ఇది చిన్న మార్పు కాదు. అయినా సంపాదించిన తర్వాత కూడా ఆ డబ్బును ఆమె హక్కుగా కాక బహుమతిగా చూసే ధోరణి పోలేదు.

మరో పరిమితి ఉంది. ఎం.డి.ఆర్.సి. సంస్థ చేసిన జాతీయ అధ్యయనంలో ఈ పథకం వల్ల మొత్తం మీద ఉపాధి, సంపాదన పెరిగినట్టు కనిపించలేదు. ఖాతా తెరిచినంత మాత్రాన మంచి వేతనమున్న పని పుట్టుకురాదు. వేతనం పెరగని స్త్రీకి, పనిచేయలేని వృద్ధురాలికి, ఇంట్లో రోగిని చూసుకునే ఆమెకు ఖాతాలో పడేదేమీ ఉండదు. స్త్రీలు ఇంట్లో చేసే చాకిరీ ఈ లెక్కలోకి రాదు.

ఈ అనుభవం నుంచి మనం తీసుకోవలసింది పథకాన్ని కాదు, ప్రశ్నలను. ఒక బస్తీలో పొదుపు సంఘం పెట్టబోయే ముందు, ఆ స్త్రీల చేతికి వచ్చిన డబ్బు ఏ నియమాల వల్ల, ఎవరి చేతుల్లోకి వెళ్ళిపోతోందో ముందు లెక్క వేద్దాం. దాచుకున్నది ఎవరి పేరున ఉంది, ఎవరి అనుమతితో తీయాలి, ఒక వాయిదా తప్పితే ఏమవుతుంది అని అడుగుదాం. ఈ లెక్కలు మనం ఒక్కరమే కూర్చుని వేసేవి కావు, ఆ స్త్రీలతో కలిసి వేయవలసినవి. మీరు పనిచేస్తున్న చోట్ల ఇవి ఎలా ఉన్నాయో చర్చలో చెప్పమని కోరుతున్నాను.